అట్ట లేని పుస్తకం

ఈ కాలం రక్తపిశాచాలంటే నాకు మంట. మా మనవరాలు హాసిని ఫోనులో చూపించిన ప్రతి ఒక్కణ్ణీ చూశాను. తిట్టడానికైనా చూడాలి కదా. ఒక్కడి ఒంటి మీదా ఈగ వాలిన గుర్తు ఉండదు. కొరియావాడొకడు కాఫీ హోటలు నడుపుతాడు, నెత్తురు తాగాల్సి వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటాడు. ఇంగ్లీషు సీరియల్లో ఇంకొకావిడ నూరేళ్ళుగా వితంతువట, ఇంతమందిని కొరికినా ఆమె తెల్లగౌను మీద ఒక్క మరక పడదు. వాళ్ళకు ఆకలి లేదు, వాళ్ళు తాగేదానికి వాసన లేదు. నెత్తురు బండల మీద ఎండితే ఏ రంగుకు తిరుగుతుందో, దాన్ని కడగడానికి ఎన్ని బిందెలు పడతాయో తెలిసినవాళ్ళు తీసిన కథలు కావు అవి. ఈ మాటే హాసినితో అంటే, "అమ్మమ్మా, నీకు రొమాన్స్ అర్థం కాదు" అంది. నాకు అర్థం కాదని కాదు, నాకు అసహ్యం.

హాసిని బెంగళూరులో ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకు యెమ్మిగనూరులో నా దగ్గరికి వస్తుంది, వచ్చినన్నాళ్ళూ నా మంచం ఆక్రమించుకుంటుంది. దానికి ఇంటర్నెట్టులో ఒక పేజీ ఉంది. నెలనెలా తనకు నచ్చిన సీరియళ్ళూ పాటలూ పుస్తకాలూ అందులో రాస్తే ముక్కూమొహం తెలియనివాళ్ళు చదివి గుండె బొమ్మలు పెడతారు. ఈసారి తన జాబితా కాదట, కమలత్త జాబితా రాస్తుందట. కమలత్త మా నాన్న చెల్లెలు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఆదోనిలో ఒక మిద్దె గదిలో ఒంటరిగా ఉంటుంది. ఈ వయసులో ఆమె భాగవతం చదవాలని నేననను గానీ, ఆమె హాసినికి పంపిన జాబితా చూసి నాకు ఒళ్ళు మండింది. అన్నిటికన్నా ముందు ఆ కాఫీ హోటలు పిశాచి. తర్వాత టీవీ పాటల పోటీలో ఎడమ చివర కూర్చుని ఊరికే ఏడ్చే జడ్జీ. తర్వాత కొరియా మగపిల్లల పాటల జట్టులో జుట్టుకు నీలం రంగేసుకున్నవాడు. ఆ తర్వాత ఫోనులో రోజుకు పావుగంట చదివి వినిపించే తెలుగు పిశాచాల కథ. అది వినేటప్పుడు తలుపు తట్టొద్దని పాలవాడికి కూడా చెప్పి పెట్టిందట. అన్నిటికీ చివర ఒక్క వాక్యం రాసింది: "వీళ్ళందరికన్నా ముందు మా ఇంట్లో ఉన్న అట్ట లేని పుస్తకం."

"ఏందమ్మమ్మా ఆ పుస్తకం? నువ్వు కూడా చదివినావంట కదా" అని హాసిని పట్టుకుంది.

"సదివినా. సెత్త."

"కమలవ్వ ఎంత పెద్ద ఫ్యానో తెలుసా? నువ్వేంది అట్లంటావు? పద, ఆదోనికి పోదాం. మీ ఇద్దరినీ కూర్చోబెట్టి రికార్డు చేస్తా."

రెండు రోజులు మోకాళ్ళ నొప్పి అన్నాను. నొప్పి అబద్ధం కాదు, కానీ కారణం అది కాదు. ఆ పుస్తకం మూలంగా మా ఇంట్లో ఒక అబద్ధం పుట్టింది. అది కమలత్త ప్రాణం మీదికి తెచ్చింది. ఆ అబద్ధం తన కన్నతల్లిదేనని ఆమె యాభై ఏళ్ళ పైబడి నమ్ముతోంది. అది నాది.

మా ఇల్లు ఆదోనిలో, పత్తి మండీలుండే వీధిలో ఉండేది. నాన్నవాళ్ళు నలుగురన్నదమ్ములు, నలుగురూ ఒకే కప్పు కింద. ఆ ఇంట్లో పత్తి పీచు లేని చోటు లేదు. పాల మీగడ మీద, పప్పులో, మా జడల్లో, దేవుడి పటాల అద్దాల మీద. పొద్దున్నే పెరట్లో గేదెల కోసం ఉడికే పత్తిగింజల వాసన, వంటింట్లో బొరుగుల ఉగ్గాణిలో వేసే పొడి వాసన, రెండూ కలిసి హాల్లోకి వచ్చేవి. ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు ముందు మగవాళ్ళకు. తర్వాత మగపిల్లలకు. తర్వాత మాకు. కోడళ్ళు కూర్చునే సరికి బజ్జీల గిన్నెలో నూనె మాత్రం మిగిలేది. ఎవరూ దాన్ని అన్యాయం అనుకునేవాళ్ళు కాదు, నేనూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను, అనుకుని ఏం లాభం అని కూడా అనుకోను, గట్టిగానే అనుకుంటాను. ఈ ఇంటికంతా పెద్ద మా జేజి, నాన్న వాళ్ళమ్మ. బక్కపలచని మనిషి, బొడ్లో తాళాలు, బుగ్గన వక్కాకు. గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు, పెంచాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

పెరట్లో గేదెల కొట్టానికి ఈ పక్కన ఒక గది ఉండేది. నెలలో మూడు రోజులు బయట చేరిన ఆడవాళ్ళు అక్కడ ఉండాలి. గది గడప నుంచి నాలుగు బండల అవతల వరకే మిగిలినవాళ్ళు రావచ్చు. అంత దూరం నుంచే మాట్లాడాలి, అక్కడికి తోసిన కంచంలోకే పై నుంచి అన్నం జార్చాలి. జేజి ఆ నాలుగో బండ మీద పాదాల వేళ్ళు గీత దాటకుండా నిలబడేది, కొలతబద్ద పెట్టినట్టు. ఆ మూడు రోజులూ ఆడవాళ్ళకు విశ్రాంతి, పెద్దలు ఎంతో ఆలోచించి పెట్టారు అని ఈమధ్య కొందరు రాస్తున్నారు. రాసేవాళ్ళు ఒక్క వేసవిలో, గేదెల ఈగలతో, గోనెపట్టా మీద, ఎవరో పై నుంచి జార్చిన అన్నం తిని చూడాలి. ఆ తర్వాత రాయమనండి.

ఆ గదిలోకి పుస్తకాలు తీసుకుపోకూడదు. పుస్తకమంటే సరస్వతి, మైల తగలకూడదు. కానీ మా ఆఖరి చిన్నమ్మకు వారపత్రిక పిచ్చి. మగవాళ్ళు చదివి పారేసిన పత్రికల్లోంచి ఒక సీరియలు పేజీలు వారం వారం చించి దాచింది. పత్తి బోరాలు కుట్టే దబ్బనంతో, బోరాలు కుట్టే పురికొసతో వాటిని కలిపి కుట్టింది. దాన్ని గదిలోకి తీసుకుపోవచ్చా అని జేజిని అడిగారట. జేజి ఆ మూటను నాలుగు బండల దూరం నుంచి చూసి, "అట్ట ల్యా దానికి. అట్ట ల్యానిది పుస్తకమెట్లయితాది? కాగితాల మూట. దానికి దోషం ల్యా" అని తీర్పు చెప్పింది. ఒక్కటే షరతు, ఆ గదిలోకి పోయింది మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. అట్లా మా ఇంట్లో ఒక రక్తపిశాచి ఆ గదిలోనే కాపురం పెట్టింది.

కథ ఏమంత గొప్పది కాదు. కొండ మీద ఊరు, పాడుబడిన బంగళా, పెళ్ళి కుదిరిన మగవాళ్ళ నెత్తురు తాగే తెల్లచీర ఆడది, ఆమెను పట్టుకోవడానికి వచ్చిన ఒక డిటెక్టివు, అతని వెంట ఒక చెల్లెలు. రాసిందెవరో మాకు తెలియదు, మొదటి పేజీ ఎలుకలు కొరికేశాయి. ఇంట్లో ఏడుగురు ఆడవాళ్ళు దాన్ని నెలకు మూడేసి రోజుల చొప్పున చదివేవాళ్ళు. ఎవరి పేజీ దగ్గర వాళ్ళు తమ చీర అంచు నుంచి లాగిన పోగు పెట్టుకునేవాళ్ళు. మా అమ్మది పచ్చపోగు, పెద్దమ్మది ఎర్రపోగు. ముందు చదివినవాళ్ళు వెనకున్నవాళ్ళకు కథ చెప్పకూడదు, అది ఆ గది కట్టుబాటు. ఇద్దరు ఒకేసారి బయట చేరితే నవ్వులు వంటింటి దాకా వినిపించేవి. ఈ పిశాచి మన మండీకి వస్తే ముందు ఎవరి మొగుణ్ణి తాగాలి అని వరస పెట్టేవాళ్ళు. ఒక్కోసారి ఎవరైనా నాలుగో రోజు కూడా ఇంట్లోకి వచ్చేవాళ్ళు కాదు. ఇంకా పోతోంది అనేవాళ్ళు. నిజానికి పెళ్ళికొడుకు బతికాడో లేదో తేలలేదన్నమాట. ఇది అందరూ చేసిన పనే. అందరికీ తెలిసిన పనే.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు కమలత్త పుట్టింటికి వచ్చింది. ఆమె అత్తగారిల్లు ఈ యెమ్మిగనూరులోనే. రెండోసారి కడుపు పోయి, నెత్తురు పోవడం తగ్గక, ఎద్దుల బండిలోంచి దిగి నేరుగా ఆ గదిలోకి పోయింది. ఇరవై నాలుగేళ్ళు ఆమెకు. మా ఇంట్లో గట్టిగా నవ్వే ఆడది ఆమె ఒక్కతే. పడుకునే ఉండి కూడా పిశాచి గొంతు, డిటెక్టివు గొంతు వేరువేరుగా పెట్టి చదివేది. నాలుగు రోజులయ్యాయి, ఎనిమిదయ్యాయి, లోపలికి రాలేదు. ఆ వారంలోనే నేనూ బయట చేరాను. అప్పటికి నాకది మూడోసారి. నా వయసు పిల్లకు ఆ మూడు రోజుల్లో ఉండాల్సిన భయమూ సిగ్గూ నాకేమీ లేవు, నెలంతా ఎదురుచూసి ఉన్నాను. డిటెక్టివు చెల్లెల్ని పిశాచి ఏం చేసిందో నాకు తెలియాలి. ఆ ఇంట్లో నా పేరు మీద ఒక గిన్నె లేదు, ఒక పరుపు లేదు. ఆ పేజీల మధ్య పెట్టిన నీలంపోగు మాత్రం నాది.

పుస్తకం కమలత్త చేతిలో ఉంది. "ఉండే సరోజా, ఈ పేజీ అయినాంక ఇస్తా" అనేది. ఆ పేజీ అయ్యేది కాదు. ఒకసారి మొత్తం చదివేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నిద్రపోయినప్పుడు గుండె మీద పెట్టుకుని పోయేది. మూడో రోజు నేను ఏడుపు మొహం పెడితే నవ్వుతూ, "ఏం సదువుతావులే, ఆ సెల్లెలే అసలు పిశాచి" అనేసింది. కట్టుబాటు తప్పింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె మొహం తెల్లగా పాలిపోయి ఉందని, లేచి కూర్చోవడానికి గోడ పట్టుకుంటోందని, నవ్వాక ఆయాసపడుతోందని నేను చూశాను. చూసి కూడా నాకు కోపమే వచ్చింది. అంత కోపం తర్వాత నా జీవితంలో చాలా పెద్ద విషయాలకు కూడా రాలేదు.

మర్నాడు పొద్దున తలస్నానం చేసి ఇంట్లోకి వచ్చాను. హాల్లో జేజి మా నాన్నతో మాట్లాడుతోంది.

"పదకొండు దినాలాయ శేషయ్యా. మొగంలో సుక్క నెత్తురు ల్యా పాపకు. ఆ లేడీ డాక్టరును పిలిపించప్పా, ఈ పొద్దే."

నాన్న చొక్కా వేసుకుంటున్నాడు. నేను తడిజుట్టుతో గుమ్మంలో నిలబడి అన్నాను: "అత్తకేం ల్యా జేజీ. పుస్తకం కోసం కూసున్నాది. లోపలికొస్తే పని సెయ్యాలంట. నాకే సెప్పింది."

అందులో ఒక్క మాట నిజం లేదు. కానీ ఆ ఇంట్లో అంతకన్నా నమ్మదగిన మాట ఇంకొకటి లేదు. ప్రతి ఆడదీ ఎప్పుడో ఒకసారి ఒక్క రోజు పొడిగించుకున్నదే, జేజితో సహా అని నా అనుమానం. ఆఖరి చిన్నమ్మ వంటింట్లోంచి "నేనప్పుడే అనుకున్నా" అంది. నాన్న నవ్వి మండీకి పోయాడు. జేజి నాలుగో బండ మీదికి పోయి నిలబడింది. "ఆ మూట ఇట్ల తొయ్యి" అంది. కమలత్త "ఎందుకుమా?" అంది. "నాటకాలు సాలు. తొయ్యి. రేపు తలకు పోసుకోని లోపలికి రా."

"నాటకం కాదుమా. ఇంగా పోతాండాది."

"అంత పోతాంటే కాగితాలెట్ల సదువుతాండావు?"

 కమలత్త పుస్తకాన్ని పాదంతో బయటికి తోసింది. జేజి దాన్ని కట్టెతో నెట్టుకుంటూ పోయి నీళ్ళకాగు కింద మంటలోకి తోసింది. నా నీలంపోగు, అమ్మ పచ్చపోగు, అన్నీ అందులోనే పోయాయి. మర్నాడు కమలత్త స్నానం చేసి ఇంట్లోకి వచ్చింది. పోతూనే ఉంది అని చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి చెప్పలేదు. గుడ్డలు దాచుకుని ఎనిమిది రోజులు వంటింట్లో చేసింది. ఆ ఎనిమిది రోజులూ నేను ఆమెతో మాట్లాడలేదు, నా కోపం చల్లారలేదు. తొమ్మిదో రోజు రుబ్బురోలు దగ్గర పక్కకు ఒరిగిపోయింది. పిండి గిన్నె దొర్లింది. బండల మీద తెల్లపిండి, దాని కిందుగా ఎర్రగా పాకుతూ వచ్చింది. మా పెద్దమ్మ, చిన్నమ్మలు, మా అమ్మ, అందరూ తలా ఒక బండ వెనక్కి జరిగారు. కళ్ళారా చూశాను. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, కాళ్ళకు అలవాటు. ముందుకు పోయింది జేజి ఒక్కతే. ఆ నెత్తుట్లో చతికిలబడి కూర్చుని కమలత్త తలను ఒళ్ళోకి తీసుకుంది. "కమలా, నాయనా, కండ్లు తెరు" అంటూ చెంపలు తట్టింది. కమలత్తకు స్పృహ లేదు. ఆ ఒడి సంగతి ఆమెకు తెలియదు.

మండీ లారీలో కర్నూలుకు తీసుకుపోయారు. మైలలో ఉన్న మనిషిని ఎత్తేదెవరు? మా జిన్నింగు ఫ్యాక్టరీలో పత్తి ఏరే మార్తమ్మ వచ్చి ఎత్తుకుంది, లారీ వెనక కూర్చుని ఊరు చేరేదాకా ఒళ్ళో పెట్టుకుంది. ముందు సీట్లో నాన్న, పెదనాన్న. జేజి ఎక్కబోతే వయసైందని ఎక్కనివ్వలేదు. కర్నూలు ఆసుపత్రిలో నెత్తురు కావాలన్నారు. పెదనాన్న ఆ రోజు ఒక్కపొద్దు అన్నాడు. నాన్న సూది చూసి అక్కడే కూలబడ్డాడు. ఇద్దరూ దుక్కల్లాంటి మనుషులు, పూటకు పది బజ్జీలు తినేవాళ్ళు. ఆకుకూర కూడా వారానికి ఒకసారి తినే మార్తమ్మ చెయ్యి చాపింది. "నాదే తీసుకోండి సారూ, నాకు నలుగురు బిడ్డలు, ఎంత పోయింటుందో, నేను సావల్యా" అందట. అక్కడ గర్భసంచి తీసేసి ప్రాణం నిలబెట్టారు. ఈ కబురు తెలిశాక మా ఇంట్లో మొదటి చర్చ దేని మీదో తెలుసా? మార్తమ్మ నెత్తురు ఎక్కిన మనిషి వంటింట్లోకి రావచ్చా అని. వెయ్యి పిశాచాల కథలు చదివాను, ఇంత నీచమైన వాక్యం ఒక్కదాంట్లోనూ లేదు.

లారీ పోయిన ఆ మధ్యాహ్నం జేజి పెరట్లో చీర మార్చుకుని వచ్చి నన్ను పిలిచింది. కొడుతుందనుకున్నాను. "నీకు నిజ్జంగా సెప్పిందా అది?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. జేజి వక్కాకు ఉమ్మేసింది. "నువ్వు సెప్పినావని ఎవురితోనూ అనాకు. నేనన్నాననే ఉండనీ. నీకింగా పెండ్లి కావల్ల, శానా బతుకుండాది" అంది. ఆమె నన్ను కాపాడిందని మీరనుకుంటారు. నాకు ఆమె మీద ఇప్పటికీ కోపమే. ఆ రోజు చెంప పగలగొట్టి అందరి ముందూ నిలబెట్టి ఉంటే ఒక్క రోజుతో అయిపోయేది. నా తప్పును తన పేరు మీద రాసుకుని, నాకు ఈ వయసు దాకా మోత పెట్టింది. ఆ ఇంట్లోవాళ్ళు ఇంకెవరైనా నోరు విప్పారా అంటే, లేదు. నేనన్నది విన్న నాన్నకు గుర్తే లేదు. చిన్నమ్మకు తన మాటే ఎక్కడ బయటపడుతుందోనన్న భయం.

కమలత్త కర్నూలు నుంచి మా ఇంటికి రాలేదు. యెమ్మిగనూరు అత్తగారింటి నుంచి మనిషి రాలేదు, ఇక కాపురానికి రావద్దని ఒక ఉత్తరం వచ్చింది. ఆమె ఆదోని బజారులోనే ఒక మిద్దె గది తీసుకుని, కింద అద్దె పుస్తకాల షాపు పెట్టింది. ముప్ఫై ఏళ్ళు నడిపింది. పిశాచాల నవలలన్నీ ముందు తాను చదివి, తర్వాతే అరలో పెట్టేది. కూరగాయల సంచుల్లో దాచుకుని తీసుకుపోయే ఆడవాళ్ళకు, బయట చేరిన ఆ మూడు రోజులూ ఎక్కడ దాచాలో కూడా చెప్పి పంపేది. షాపు నుంచి మా ఇల్లు పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలు ఆమె ఎప్పుడూ నడవలేదు. ఇంట్లోవాళ్ళలో నన్నొక్కదాన్నే దగ్గరికి రానిచ్చింది. "నువ్వొక్కదానివే మంచిదానివే ఆ కొంపలో" అనేది. నేను ఆ మాట విని, పుస్తకం తీసుకుని, ఊరికే వచ్చేసేదాన్ని. ఇరవై ఏళ్ళ తర్వాత జేజి మంచాన పడింది. పిలుచుకు రమ్మంటే నాన్న పోయాడు. కమలత్త షాపులో కూర్చునే, పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "నాటకమేమో సూడప్పా" అందట. రాలేదు. జేజి పోయింది. నేను మంచం పక్కనే ఉన్నాను, అప్పుడూ చెప్పలేదు.

చివరికి హాసిని నన్ను ఆదోని బస్సెక్కించింది. దారి పొడుగునా నా భుజం మీద తల పెట్టి ఆ నీలంజుట్టు పిల్లవాడి పాటలు వింది. తన సంచిలో నెలసరి ప్యాడ్లూ, పిశాచాల నవలా ఒకే అరలో ఉన్నాయి. ఏది దేనికి తగులుతోందో దానికి పట్టదు. అది చూసి సంతోషపడాలి, నాకు అసూయగా ఉంది, దాచుకోను. ఆ గదీ ఆ బండలూ దానికి ఒక మంచి కథ, పేజీలో పెట్టుకోవడానికి. ఇప్పటివాళ్ళకు మా కష్టాలు తెలియవని నేను ఏడవడం లేదు. తెలియకపోవడమే మంచిది. కానీ మా ఇళ్ళలో మంచీ చెడ్డా ఇంత తేలికగా విడదీస్తారే, ఒకళ్ళు విలను, ఒకళ్ళు హీరో అని, అది నాకు పడదు. అంత శుభ్రంగా తెల్లగౌనులో ఎవరూ బతకలేదు.

కమలత్త మమ్మల్ని చూసి పొంగిపోయింది. హాసిని ఫోనును స్టూలు మీద నిలబెట్టింది. కమలత్త డెబ్బై ఆరేళ్ళ గొంతుతో డిటెక్టివు మాటలూ, తెల్లచీర మాటలూ అప్పజెప్పింది. ఒక్క ముక్క మరిచిపోలేదు. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత కమలత్త, నవ్వు ఆగకముందే, "దాన్ని మా అమ్మ కాలబెట్టింది పాపా. నాటకమాడుతాండానని. నేను సస్తాంటే నాటకమన్నాది. ఏ పిశాచీ అంత పని సెయ్యదు" అంది.

హాసిని కళ్ళు పెద్దవి చేసింది. "కమలవ్వా, ఇదే టైటిల్ పెడతా. మా ఇంటి మొదటి వాంపైర్, మా పెద్ద జేజి. ఆమె ఫోటో ఉందా?"

"ఉండాది. పెట్టు. సూడనీ లోకం" అని కమలత్త బీరువా వైపు లేచింది.

జేజి మొహం కింద గుండె బొమ్మలు కనిపించాయి నాకు. "ఫోటో తియ్యొద్దత్తా" అన్నాను. "ఆ మాట సెప్పింది నేను." నిలబడినదాన్ని నిలబడినట్టే మొత్తం చెప్పాను. పదకొండో రోజు జేజి డాక్టరును పిలవమన్నది, నేను తడిజుట్టుతో చెప్పింది, ఒళ్ళో తల పెట్టుకున్నది, నేనన్నాననే ఉండనీ అన్నది. క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే చెప్పుతో కొట్టేది, కొట్టాల్సిందే. హాసిని చెయ్యి చాపి ఫోను బోర్లా పెట్టింది.

కమలత్త బీరువా తలుపు మూసింది.

"పోయేటప్పుడు నన్నడిగిందా అమ్మ?" అంది.

"అడిగింది. మూడు దినాలు అడుగుతానే ఉండె."

"నువ్వాడ్నే ఉన్నావా?"

"ఉన్నా."

ఆమె వచ్చి మంచం మీద కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "పది నిమిషాలు" అంది, ఎవరితోనో అన్నట్టు. తర్వాత హాసిని వైపు తిరిగింది. నా వైపు చూడలేదు. "పాపా, నీకు ఆకలయితాంటాది. సెయ్యి కడుక్కో, అన్నం పెడతా. ఆమెను పొమ్మను."

హాసిని నన్ను చూసింది, ఆమెను చూసింది, లేచి చెయ్యి కడుక్కుంది. నేను మెట్లు దిగి బస్టాండుకు పోయి, ఒక్కదాన్నే యెమ్మిగనూరు బస్సెక్కాను.